గ్రీన్‌కార్డు పోయిన నెలలోనే నాన్నకు ఆపరేషన్: గ్రీన్‌కార్డుకు బదులుగా పాస్‌పోర్టులో వేసే ఏడిట్ స్టాంపు విషయంలో నా అనుభవం

మా నాన్న సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో 31 ఏళ్లు పనిచేసి సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యారు. కాగితాల విషయంలో ఆయనది ఒకటే మాట. అసలు దస్తావేజు బీరువా దాటకూడదు, బయటికి పట్టుకెళ్లేది నకలే. పొలం కాగితాలైనా, నా పదో తరగతి మార్కుల లిస్టైనా అంతే. పెళ్లయి అమెరికా వచ్చాక కూడా ఆ అలవాటు నన్ను వదల్లేదు, ఒక్క గ్రీన్‌కార్డు విషయంలో తప్ప. ఇక్కడి చట్టం దానికి సరిగ్గా ఎదురు చెబుతుంది. 18 ఏళ్లు నిండిన పర్మనెంట్ రెసిడెంటు, అంటే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఎవరైనా తన కార్డును ఎప్పుడూ దగ్గర పెట్టుకునే తిరగాలి. జిరాక్స్ కాదు, అసలుదే. అందుకని పదేళ్లుగా నా కార్డు నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండేది.

2025 జనవరి 18, శనివారం. సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద కారు ఆపి, గోంగూర, కొబ్బరికాయలు కొనుక్కొద్దామని కొట్లోకి వెళ్లాను. ఫోన్, ఒక కార్డు చేతిలో పట్టుకుని, బ్యాగు వెనక సీట్లోనే వదిలేశాను. పావుగంటలో తిరిగొచ్చేసరికి వెనక అద్దం పగిలి ఉంది. సీటు నిండా గాజు ముక్కలు. బ్యాగు లేదు.

పోలీసులు వచ్చి రిపోర్టు రాసుకుని ఒక నంబరు ఇచ్చారు. క్రెడిట్ కార్డులు అప్పటికప్పుడే ఆపించాం. సోమవారం సెలవు కావడంతో మంగళవారం వెళ్లి డ్రైవింగ్ లైసెన్సు డూప్లికేటు తెచ్చుకున్నాను. గ్రీన్‌కార్డు గురించి మాత్రం నేను పెద్దగా కంగారు పడలేదు. ఎందుకో చెప్పాలి, ఎందుకంటే నేను పొరబడింది అక్కడే, నాలాగే చాలామంది పొరబడుతున్నారు.

నా కార్డు గడువు 2024 అక్టోబరులోనే అయిపోయింది. గడువుకు ఆరు నెలల ముందు నుంచి రెన్యువల్‌కి వేసుకోవచ్చు. నేను సెప్టెంబరు చివర్లో ఆన్‌లైన్‌లో ఐ-90 అనే దరఖాస్తు వేశాను, ఫీజు 415 డాలర్లు. రెండు వారాల్లో పోస్టులో ఐ-797 రసీదు వచ్చింది. ఆ సెప్టెంబరు 10వ తేదీ నుంచే రూలు మారింది. అంతకుముందు ఐ-90 రసీదుతో కార్డు గడువు 24 నెలలు పెరిగేది, ఇప్పుడు 36 నెలలు. అంటే ఆ ఒక్క కాగితంతో 2027 దాకా నాకు ఢోకా లేదనుకున్నాను. కార్డు పోయినా రసీదు ఇంట్లో ఫైల్లో భద్రంగా ఉంది కదా, కొత్త కార్డు ఎలాగూ వస్తుంది కదా అన్నది నా ధీమా.

ఆ రసీదును నేను సరిగ్గా చదవలేదు. అది పొడిగించేది చేతిలో ఉన్న కార్డు గడువును. గడువు తీరిన కార్డుతో కలిపి చూపిస్తేనే ఆ కాగితానికి విలువ. కార్డే లేనప్పుడు అది రసీదు, అంతే.

ఈ సంగతి నాకు తెలిసింది జనవరి 24, శుక్రవారం రాత్రి. తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ శనివారం పొద్దున్న. "అక్కా, కంగారు పడకు" అని మొదలుపెట్టాడు. అలా మొదలుపెడితే కంగారు పడక ఎలా ఉంటాం? నాన్నకు మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందని నెల నుంచి అంటున్నారు. గుంటూరు తీసుకెళ్లి యాంజియోగ్రామ్ తీయిస్తే మూడు చోట్ల బ్లాకులు. స్టెంట్లు కుదరవు, బైపాసే అన్నారట. ఫిబ్రవరి 10కి ఆపరేషన్ పెట్టారు. "నువ్వు రాకపోయినా పర్లేదు, మేం చూసుకుంటాం" అన్నాడు. వెనకాల అమ్మ గొంతు వినబడుతూనే ఉంది, "వస్తుందా? అడుగు, వస్తుందా?" అని.

ఆ రాత్రే టికెట్లు చూడటం మొదలుపెట్టాను. మా ఆయన పక్కన కూర్చుని ఐ-797 తీసి నింపాదిగా చదివి, "వెళ్లడం అయితే వెళ్తావు. తిరిగి ఎలా వస్తావు?" అన్నాడు. అప్పుడు చదివాను ఆ వాక్యం. నిజంగా కాళ్లలో సత్తువ పోయినట్టయింది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కార్డు పోతే హోదా పోదు. గడువు తీరినా పోదు. పర్మనెంట్ రెసిడెంటు పర్మనెంట్ రెసిడెంటే. పోయేది రుజువు. కానీ విమానం ఎక్కించే మనిషికి నా హోదాతో పని లేదు, రుజువుతోనే పని. అందుకే ఈ తాత్కాలిక రుజువు అనేదొకటి పెట్టారు. గ్రీన్‌కార్డు అని మనం పిలిచేదాని ఫారం నంబరు ఐ-551. కొత్త కార్డు చేతికొచ్చేలోగా, దానికి బదులుగా పాస్‌పోర్టులో వేసే ముద్రను ఐ-551 స్టాంపు అంటారు. లాయర్లు, ఆఫీసర్లు ఏడిట్ స్టాంపు అంటారు. రెండూ ఒకటే.

నిజానికి ఇలాంటి రుజువు మా ఇంట్లో ఇదివరకే ఒకసారి చూశాం. మా బావగారు సిటిజన్ అయ్యాక అత్తయ్యగారికీ మామయ్యగారికీ గ్రీన్‌కార్డు చేయించారు. వాళ్లు ముంబైలో ఇంటర్వ్యూ అయి, ఇమ్మిగ్రెంట్ వీసా మీద దిగారు. ఆ వీసా కాగితం మీదే రాసి ఉంటుంది, ఎయిర్‌పోర్టులో ముద్ర పడ్డాక ఇది ఏడాదిపాటు తాత్కాలిక ఐ-551గా చెల్లుతుందని. ప్లాస్టిక్ కార్డు తర్వాత పోస్టులో వచ్చింది. ఆ మధ్యకాలమంతా వాళ్లకు ఆ వీసా పేజీయే గ్రీన్‌కార్డు. అప్పుడు దాన్ని మేం పట్టించుకోలేదు, అవసరం రాలేదు కాబట్టి.

గ్రీన్‌కార్డుల పని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్. శని, ఆదివారాలు వాళ్ల ఫోన్ కాంటాక్ట్ సెంటర్ పనిచేయదు. ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంటు అడిగే ఫారం ఒకటి ఉంది, అది శనివారమే నింపాను. పేరు, ఏ-నంబరు (ఇమిగ్రేషన్ వాళ్లు మనకిచ్చే నంబరు), రసీదు నంబరు, ఎందుకు కావాలి, ఎప్పుడు కుదురుతుంది. ఇదివరకు ఇన్ఫోపాస్ అని మనమే క్యాలెండర్లో రోజు చూసుకుని బుక్ చేసుకునేవాళ్లం. ఆ పద్ధతి ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మనవాళ్ల నోట్లో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు అడగడం మన వంతు, ఇవ్వడం వాళ్ల వంతు.

ఏ-నంబరు ఎక్కడుందా అని మొదట వెతుక్కున్నాను, కార్డు మీదే ఉంటుందని అలవాటు కాబట్టి. రసీదు మీద కూడా ఉంది. ఇక కార్డు కాపీ. నాన్న చెప్పిన నకలు. నా దగ్గర లేదు. మా ఆయన పాత మెయిళ్లన్నీ వెతికితే, 2016లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు పంపిన స్కాను దొరికింది, ముందు వెనక రెండు వైపులా. దాన్ని చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

సోమవారం పొద్దున్న 8 కాగానే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. 800-375-5283. ముందు యంత్రం మాట్లాడుతుంది. ఏం కావాలో చెప్పమంటుంది, చెబితే వెబ్‌సైటు లింకు మెసేజ్ పంపుతానంటుంది. వద్దని, మనిషితో మాట్లాడాలని మళ్లీ మళ్లీ చెప్పాలి. మూడో ప్రయత్నంలో ఒకావిడ లైన్లోకి వచ్చింది. నేను ఏడుపు ఆపుకుంటూ, ఒక కాగితం మీద రాసిపెట్టుకున్న నాలుగు వాక్యాలు చదివాను. కార్డు దొంగతనం అయింది, పోలీసు రిపోర్టు ఉంది. ఐ-90 పెండింగ్‌లో ఉంది. మా నాన్నకు ఫిబ్రవరి 10న గుండె ఆపరేషన్. ప్రయాణానికి ఏడిట్ స్టాంపు కావాలి. ఇలా ముందే రాసిపెట్టుకోమని చెప్పింది మా పక్కింటి వదిన. ఆమెకు అంతకుముందు ఏడాది ఇదే పని పడింది. ఆ సలహా నిజంగా పనిచేసింది. కంగారులో కథంతా మొదటి నుంచి చెబుతాం, అసలు మాట చివరికి వెళ్లిపోతుంది.

ఆవిడ ఓపిగ్గా విని, నా వివరాలు సరిచూసుకుని, ఇమిగ్రేషన్ ఆఫీసరు తిరిగి ఫోన్ చేస్తారని చెప్పింది. కార్డు పోయింది కాబట్టి మళ్లీ ఇంకో ఐ-90 వేయాలా అని అడిగాను. అక్కర్లేదు, ఇప్పుడు నడుస్తున్న దాని మీదే కొత్త కార్డు వస్తుంది అంది. స్టాంపును పోస్టులో కూడా పంపుతారని ఆవిడే చెప్పింది. 2023 మార్చి నుంచి ఆ సదుపాయం ఉంది. ఐ-94 అనే రాకపోకల నమోదు ఫారం మీద మన ఫొటో ముద్రించి, స్టాంపు వేసి ఇంటికి పంపుతారు. ఆఫీసుకు వెళ్లక్కర్లేదు. తొందర లేనివాళ్లకు, పెద్దవాళ్లకు అది మేలు. నాకు పోస్టు కోసం ఎదురుచూసే రోజులు లేవు. పాస్‌పోర్టులోనే కావాలన్నాను.

ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ నా చేతిలోనే ఉంది. స్నానానికి వెళ్తే మా అబ్బాయిని బాత్‌రూమ్ తలుపు దగ్గర నిలబెట్టి వాడి చేతిలో పెట్టాను. నంబరు కనబడకుండా కాల్ వస్తుందని వదిన చెప్పింది. స్పామ్ అనుకుని కట్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఫోన్లో తెలియని నంబర్లను ఆపే సెట్టింగు ఉంటే అది ముందే తీసేయాలి.

ఈ రెండు రోజుల్లోనే తమ్ముడికీ నాకూ ఆస్పత్రి లెటరు మీద పెద్ద తతంగం నడిచింది. అత్యవసరమని చెబుతున్నాం కాబట్టి డాక్టరు రాసిన కాగితం ఉండాలి. లెటర్‌హెడ్ మీద రోగి పేరు, జబ్బు, ఆపరేషన్ తేదీ, కింద సంతకం, ముద్ర. తమ్ముడు తెచ్చి వాట్సాప్‌లో పంపాడు. చూస్తే నాన్న పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం ఒక్కటే ఉంది. నా పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరు చోట ఇంటిపేరు పూర్తిగా ఉంది. పైగా మధ్యలో పేరు స్పెల్లింగు వేరు. మన దగ్గర అది మామూలే. రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పొలం పాసుపుస్తకంలో ఇంకోలా ఉన్నా మనిషి ఒకడే అని అందరికీ తెలుసు. ఇక్కడ కిటికీ వెనక కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? ఈయనే నా తండ్రి అని చెప్పగలిగేది ఆ చివరి పేజీ ఒక్కటే. తమ్ముడిని మళ్లీ పంపాను. వాడు విసుక్కోలేదు. నా పాస్‌పోర్టు పేజీ ఫొటో చూపించి, అచ్చం అలాగే పేరు టైపు చేయించి, నేను ఆయన కుమార్తెనన్న మాట కూడా చేర్పించి, రంగుల్లో స్కాన్ చేసి పంపాడు.

బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ మోగింది. ఆఫీసరు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా అడిగి, కార్డు ఎలా పోయిందో అడిగి, ఆపరేషన్ తేదీ అడిగి, కీబోర్డు చప్పుడు తప్ప ఏమీ వినబడని ఒక నిమిషం తర్వాత, "ఫిబ్రవరి 4, మంగళవారం, ఉదయం 10:15, నెవార్క్. కుదురుతుందా?" అన్నాడు. కుదురుతుందని మూడుసార్లు చెప్పినట్టున్నాను. పది నిమిషాల్లో మెయిల్‌లో అపాయింట్‌మెంటు కాగితం వచ్చింది.

టికెట్ 5వ తేదీ రాత్రికి తీసుకున్నాం, అబుదాబి మీదుగా. కావాలనే ఆ దారి ఎంచుకున్నాం. అబుదాబిలో 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే చేస్తారు. తిరుగు ప్రయాణంలో అమెరికా ఆఫీసర్లను అక్కడే కలుస్తాం, న్యూయార్క్‌లో దిగాక లోకల్ విమానం దిగినట్టు బయటికి వచ్చేయడమే. ఏదైనా తేడా వస్తే సముద్రం అటువైపే తెలుస్తుంది కదా, దానికంటే దిగాక తెలియడమే నయం కాదా అని మా ఆయన అన్నాడు. నాకు మాత్రం ఇండియాకు దగ్గర్లోనే తేలిపోతే మంచిదనిపించింది. నాన్న దగ్గరికి వెనక్కి వెళ్లి ఇంకో దారి చూసుకోవచ్చు.

మంగళవారం పొద్దున్న ఎడిసన్ స్టేషన్లో ట్రైన్ ఎక్కి నెవార్క్ పెన్ స్టేషన్లో దిగాను. అక్కడి నుంచి బ్రాడ్ స్ట్రీట్‌లోని ఫెడరల్ బిల్డింగ్‌కి నడిచాను. చలి ముఖాన్ని కోసేస్తోంది. గేటు దగ్గర ఎయిర్‌పోర్టులో లాగే సెక్యూరిటీ. బెల్టు, కోటు, ఫోన్ అన్నీ ట్రేలో పెట్టాలి. ఫైల్లో ఏమేం ఉన్నాయో మళ్లీ ఒకసారి చూసుకున్నాను: పాస్‌పోర్టు, అపాయింట్‌మెంటు కాగితం, ఐ-797, పాత కార్డు స్కాను, పోలీసు రిపోర్టు, ఆస్పత్రి లెటరు, టికెట్ ప్రింటు, రెండు అంగుళాల చదరం ఫొటోలు రెండు. పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు ఉన్నాయో లేదో ముందు రోజే లెక్కపెట్టాను. గడువు కూడా 2028 దాకా ఉంది. ఇది చూసుకోవడం మరిచిపోకండి. పాస్‌పోర్టు గడువు దగ్గర పడిన వాళ్లు ముందు ఇండియన్ పాస్‌పోర్టు రెన్యూ చేయించుకోవాల్సి వస్తే, ఆ పనికే వారాలు పోతాయి.

నా నంబరు పిలిచారు. కిటికీ వెనక యాభై దాటిన ఆవిడ. కాగితాలన్నీ ఒక్కొక్కటే తీసుకుంది. ఆస్పత్రి లెటరు చదివి, నా పాస్‌పోర్టు తిప్పి చివరి పేజీ తెరిచి, లెటరు పక్కన పెట్టి, వేలితో ఒక్కొక్క అక్షరం పోల్చి చూసింది. తమ్ముడి రెండో తిరుగుడు వృథా పోలేదు. నా ఫొటో, చూపుడువేలి ముద్ర తీసుకుంది. సిస్టంలో నా పాత ఫొటో చూసి నా ముఖం చూసింది. "కూర్చోండి, పిలుస్తాను" అంది.

నలభై నిమిషాలు కూర్చున్నాను. ఆ నలభై నిమిషాల్లో నా చుట్టూ ఎన్ని భాషలు విన్నానో. ఒక ముసలాయన తన కూతురి చేతిలో ఫైలు పెట్టి స్పానిష్‌లో ఏదో అడుగుతున్నాడు, ఆ అమ్మాయి ఆయన వీపు మీద చెయ్యేసి నిమురుతోంది. నేను తల తిప్పేసుకున్నాను.

మళ్లీ పిలిచినప్పుడు ముద్ర వేస్తుంటే నేను కిటికీకి ఇవతల నిలబడి చూశాను. పాస్‌పోర్టు పేజీని అరచేత్తో చదును చేసి, స్టాంపు పెట్టి, రెండు చేతులతో ఒత్తి పట్టుకుంది. తీశాక ముద్ర మీది గీత దగ్గర పెన్నుతో తేదీ రాసింది, ఏడాది తర్వాతిది. కింద నా ఏ-నంబరు రాసింది. పక్కన పొడి అక్షరాలు పెట్టింది. పేజీని కాసేపు గాలికి తెరిచి ఉంచి, "సిరా ఆరేదాకా మూయొద్దు. మీ నాన్నగారు కోలుకోవాలి" అంది. ఫీజు ఏమీ తీసుకోలేదు. ఈ స్టాంపుకు ఫీజు లేదు.

పాస్‌పోర్టు అలా తెరిచి పట్టుకునే లిఫ్టు దిగాను. ముద్రలో ఉన్నది ఇంతే: ఐ-551 కోసం ప్రాసెస్ అయింది, శాశ్వత నివాసానికి చట్టబద్ధంగా ప్రవేశం పొందినట్టు తాత్కాలిక రుజువు, ఫలానా తేదీ వరకు చెల్లుతుంది, ఉద్యోగానికి అనుమతి ఉంది. చేతి వెడల్పు కూడా లేని ముద్ర. బయట మెట్ల మీద నిలబడి దాన్ని ఫొటో తీసి మా ఆయనకు, తమ్ముడికి, వదినకు పంపాను. అమ్మకు ఫోన్ చేసి "వస్తున్నా" అన్నాను.

ఉద్యోగం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. కార్డు గడువు తీరిందనో పోయిందనో, ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానికి ఏమీ కాదు. చేరేటప్పుడు గ్రీన్‌కార్డు చూపించిన మనిషిని, గడువు తీరింది మళ్లీ చూపించమని కంపెనీ అడగకూడదు. కొత్త ఉద్యోగంలో చేరేవాళ్లు కూడా డ్రైవింగ్ లైసెన్సు, ఏ షరతూ రాసిలేని సోషల్ సెక్యూరిటీ కార్డు కలిపి చూపిస్తే చాలు. లేదా ఈ స్టాంపు ఉన్న పాస్‌పోర్టు ఒక్కటే చాలు. ఏ కాగితం చూపించాలన్నది మన ఇష్టం. ఈ సంగతి తెలియక వచ్చిన ఆఫర్ వదులుకున్న ఒకబ్బాయి నాకు తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

7వ తేదీ తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగి, కారులో గుంటూరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నారు. సన్నబడ్డారు. నన్ను చూసి నవ్వి, మొదట అడిగింది, "ఏదీ, ఆ ముద్ర చూపించు" అని.

కళ్లజోడు పెట్టుకుని పేజీని కిటికీ వెలుతురు వైపు తిప్పారు. నేను ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాను. ఆయన వేలు తేదీ దగ్గర ఆగింది. "చేత్తో వేశారు. పక్కన పొడి సంతకం ఉంది. కొట్టివేతలు లేవు. నంబరు వేశారు." కాసేపు చూసి, "బాగుందమ్మా, చెల్లుతుంది" అన్నారు. 31 ఏళ్లు వేల దస్తావేజుల మీద ముద్రలు చూసిన మనిషి ఆయన. అమెరికా ఆఫీసులో ఆవిడ చెప్పినప్పుడు కలగని ధైర్యం ఆ మాటతో కలిగింది.

ఆపరేషన్ 10న జరిగింది. అయిదు గంటలు పట్టింది. ఐసీయూలో మూడు రోజులు, వార్డులో వారం. దాని గురించి ఇంతకంటే రాయలేను. నేను అక్కడ ఉన్నాను, నాకు అది చాలు.

ఈలోగా మా చిన్నాన్నగారి వియ్యపురాలి సంగతి ఒకటి తెలిసింది. ఆవిడ గ్రీన్‌కార్డు ఇండియాలోనే బస్సులో పోయింది. ఆవిడకు ఈ స్టాంపు పనికిరాదు, ఎందుకంటే ఇది అమెరికాలో ఉన్నప్పుడే వేయించుకోవాలి. బయట ఉండగా పోతే ఐ-131ఏ అని వేరే ఫారం ఉంది. ముందు ఆన్‌లైన్‌లో 575 డాలర్లు కట్టి, ఆ రసీదుతో అమెరికన్ కాన్సులేటుకు వెళ్తే, విమానం ఎక్కడానికి మాత్రమే పనికొచ్చే కాగితం పాస్‌పోర్టులో అంటిస్తారు. అది కూడా దేశం దాటి ఏడాది లోపే ఉన్నవాళ్లకు. ఆవిడ అలాగే వెళ్లింది.

మార్చి 2న నా తిరుగు ప్రయాణం. శంషాబాద్‌లో చెక్-ఇన్ దగ్గర కుర్రవాడు పాస్‌పోర్టు తిరగేసి, "మేడమ్, గ్రీన్‌కార్డు ఇవ్వండి" అన్నాడు. స్టాంపు చూపించాను. "ఇది కాదు మేడమ్, కార్డు" అన్నాడు. ఇదే కార్డుకు బదులు అని చెప్పాను. అతను ఎప్పుడూ చూడలేదట. రసీదు చూపించాను, అందులో కార్డుతో కలిపి అని రాసి ఉండటంతో ఇంకా అనుమానం పెరిగింది. అది చూపించకుండా ఉండాల్సింది. స్టాంపు ఉన్నప్పుడు స్టాంపు ఒక్కటే చూపించాలి, ఎక్కువ కాగితాలు పెడితే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి.

పాస్‌పోర్టు తీసుకుని లోపలికి వెళ్లాడు. నేను ట్రాలీ పట్టుకుని పక్కన నిలబడ్డాను. వెనక క్యూ ముందుకు జరిగిపోతోంది. పాస్‌పోర్టు చేతిలో లేకుండా ఎయిర్‌పోర్టులో నిలబడటం ఎంత టెన్షనో అనుభవిస్తేనే తెలుస్తుంది. ముప్ఫై అయిదు నిమిషాలకు సూపర్‌వైజర్ వచ్చింది. ఎక్కడికో ఫోన్ చేసి కనుక్కున్నట్టుంది. "సారీ అండీ, ఇది చెల్లుతుంది. మావాడు కొత్త" అని తనే బోర్డింగ్ పాస్ ఇచ్చింది. అతను కూడా వచ్చి సారీ చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు. తప్పు కాగితంతో ఎక్కించుకుంటే విమాన సంస్థకు జరిమానా పడుతుంది, కాబట్టి భయపడతారు. మీరు ఇలా వెళ్లేటట్టయితే ఎయిర్‌పోర్టుకు నాలుగు గంటల ముందు చేరండి. నేను చేరాను కాబట్టి విమానం అందింది.

అబుదాబిలో అమెరికా ఆఫీసరు మాత్రం స్టాంపు పేజీ తీసి అర నిమిషం కూడా చూడలేదు. వేళ్లు స్కాన్ చేయించి, కార్డు ఎప్పుడు పోయింది, ఎన్నాళ్లు ఉన్నారు, ఎందుకు వెళ్లారు అని అడిగాడు. నాన్నకు బైపాస్ అన్నాను. "ఇప్పుడెలా ఉన్నారు?" అన్నాడు. నడుస్తున్నారని చెప్పాను. ఎంట్రీ స్టాంపు వేసి ఇచ్చాడు. న్యూయార్క్‌లో దిగి సామాను తీసుకుని తిన్నగా బయటికి వచ్చేశాను. మా అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు.

కొత్త కార్డు జూలైలో వచ్చింది. కవరు చింపి, పేరు, పుట్టిన తేదీ, ఏ-నంబరు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకున్నాను. ఆ సాయంత్రం నాన్నకు వీడియో కాల్ చేసి కెమెరా ముందు పట్టుకున్నాను. ఆయన అప్పటికి పొద్దున్నా సాయంత్రం అరగంట నడుస్తున్నారు.

"అసలుది వచ్చిందన్నమాట" అన్నారు.

"వచ్చింది నాన్నా."

"నకలు తీశావా?"

ముందు వెనక రెండు వైపులా స్కాన్ చేసి, ఒకటి నా మెయిల్లో, ఒకటి మీ అల్లుడి మెయిల్లో, ఒకటి ప్రింటు తీసి పాస్‌పోర్టు కవర్లో పెట్టానని చెప్పాను.

"తమ్ముడికీ ఒకటి పంపు" అన్నారు. అప్పుడే పంపాను.